జగడాల మాస్టారు

లేచి కొట్టలేనివాళ్ళతోనే జగడాల మాస్టారు కయ్యం పెట్టుకుంటాడని వీధంతా చెప్పుకునేవారు. ఆ మాటలో అబద్ధం వెతకడం కష్టమే. వెన్నుపూస దెబ్బతిని చక్రాల కుర్చీకి చేరినవాళ్ళతో వ్యాయామం చేయించడం ఆయన ఉద్యోగం. కోడిగుడ్డుకి ఈకలు పీకడం ఆయన అలవాటు. రెండూ ఒకే గదిలో, ఒకే వేళకు జరిగేవి.

ఆ గదిలో బల్లలకు బిగించిన చేతి సైకిళ్ళు ఉండేవి. పెడళ్ళను కాళ్ళకు బదులు చేతులతో తిప్పాలి. ఎవరైనా తిప్పడం మొదలుపెట్టారో లేదో, మాస్టారు స్టూలు లాక్కుని ఎదురుగా చేరేవాడు.

"పిన్నీ, కొలతలు తీసుకోవడం దండగ. మనిషిని చూస్తే తెలీదా?" అనేవాడు, అక్కడికి వ్యాయామానికి వచ్చే టైలరు పిన్నితో.

"తెలుస్తుంది నాయనా. నీ చొక్కా కుట్టినవాడు నిన్ను చూసే కుట్టినట్టున్నాడు, అదీ చీకట్లో," అనేది పిన్ని, పెడళ్ళు గిరగిరా తిప్పుతూ.

ఇళ్ళకు రంగులు వేసే తన అన్నను ఒక చెల్లెలు ఆ గదికి తీసుకొచ్చింది. పరంజా మీంచి పడి మెడ దగ్గర దెబ్బ తగిలాక అతని కాళ్ళు కదలడం మానేశాయి, వేళ్ళు పట్టు తప్పాయి, వాటితోపాటు నోరూ పడుకుంది. "ఊ" అంటే అవును, ఏమీ అనకపోతే కాదు. ఇలా కదలకుండా కూర్చుంటే గుండె జబ్బు ముంచుకొస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "నడవని మనిషికి గుండె ఎంత గట్టిగా ఉంటే ఏం?" అన్నాడు అన్న. ఆ మధ్యకాలంలో అతను మాట్లాడిన పెద్ద మాట అదే. చెల్లెలికి ఉన్నది ఒక్కగానొక్క అన్న. ఆ మాట ఆమెకు నిద్ర లేకుండా చేసింది.

తొలిరోజే మాస్టారు అన్న చేతులను పట్టీలతో పెడళ్ళకు కట్టి, నాడి చూసే క్లిప్పు చెవికి తగిలించి, స్టూలు జరుపుకున్నాడు.

"పెయింటరువా? గోడకి లప్పం ఎందుకయ్యా, నేరుగా రంగేస్తే పోలా?"

అన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. చెల్లెలికి ప్రాణం చివుక్కుమంది. నలుగురిలో నోరు విప్పని పిల్ల, అన్న కోసం విప్పింది. "లప్పం పెట్టకపోతే గతుకులు కనబడతాయండీ."

"అమ్మాయీ, నీ జవాబు నాకెందుకు? నీ గుండెకేం, గుండ్రాయిలా ఉంది."

ఇదేం మనిషిరా దేవుడా అనుకుని ఆమె మూలన కూర్చుంది. మాస్టారు మాత్రం వదల్లేదు. "మా ఇంటికి నేనే రంగేశాను. తడి గోడ మీద, ఒకటే పూత."

అన్న ముక్కుపుటాలు అదిరాయి. "తడి గోడ మీదా?"

"తడిగా ఉంటే రంగు బాగా పాకుతుందిగా."

"పాకదండీ, పొలుసులు లేస్తుంది. గోడ ఆరాలి, గీకాలి, లప్పం పెట్టాలి, అదీ ఆరాక కాగితంతో రుద్దాలి. మీ ఇంట్లో ఉండేవాళ్ళని తలుచుకుంటే జాలేస్తోంది."

చెల్లెలు గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. మాస్టారు సైకిలు బిగింపు కాస్త పెంచి, "నేనొప్పుకోను, కానియ్," అన్నాడు.

అది మొదలు అన్న ఇంటి దగ్గరే వాదాలు సిద్ధం చేసుకునేవాడు. "పద పద, ఆయనకి సున్నం సంగతి చెప్పాలి," అని చెల్లెల్నే తొందరపెట్టేవాడు.

ఒకరోజు వాదం ముదిరింది. తలుపులకీ గోడలకీ ఒకటే బ్రష్షు చాలన్నాడు మాస్టారు.

"ఒకటే... బ్రష్షు... అయితే..." అన్న మాట ముక్కలైంది.

మాస్టారు చటుక్కున సైకిలు ఆపి చేతులు జోడించాడు. "ఒప్పుకున్నా, నువ్వే గెలిచావు. నీళ్ళు తాగు."

చెల్లెలు ఉండబట్టలేకపోయింది. "నాడి నెమ్మదిగానే ఉంది కదండీ, ఎందుకు ఆపేశారు?"

"మెడ దగ్గర దెబ్బ తగిలితే, వేగం పెంచమని మెదడు పంపే కబురు గుండెకి సరిగ్గా అందదమ్మా. మనిషి అలిసిపోయినా నాడి అంకె పెద్దగా కదలదు. ఇక నాకు దిక్కు అతని మాటే. నిండుగా వస్తే ఇంకా తిప్పించొచ్చు. ముక్కలైతే ఆపాలి. ఎలా ఉందని అడిగితే అందరూ బాగుందనే అంటారు. కోపం తెప్పిస్తే తప్ప అసలు ఊపిరి వినబడదు."

"అయితే ఇన్నాళ్ళూ నాటకమా?" అన్నాడు అన్న.

"మా నాన్న రంగులేసేవాడయ్యా. లప్పం పెట్టకుండా బ్రష్షు ముట్టుకుంటే వీపు చీరేసేవాడు."

గుట్టు తెలిసిపోయింది, ఇక రేపటి నుంచి అన్న రాడేమోనని చెల్లెలు భయపడింది.

చెల్లెలు పట్టిన నీళ్ళు అన్న తాగాడు. మాస్టారిని ఎగాదిగా చూశాడు. "మరి మీ వంటగదికి ఏ రంగు?"

"తెలుపు. ఇది మాత్రం నిజం."

"పొగ తగిలే గోడకి తెలుపా?" పట్టీల్లోని చేతులు మళ్ళీ నెమ్మదిగా పెడళ్ళను కదిలించాయి. "మీకు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలీడం లేదు. రేపు తీరిగ్గా కూర్చోండి."

మాస్టారు స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు.

వీధివాళ్ళు ఒక్క సంగతి కనుక్కోలేకపోయారు. ఆ గదిలో ఆయన ఒక్క జగడమూ గెలిచింది లేదు.