వారం రోజులుగా చప్పుడు లేని ట్రిగ్గర్

ఈ మధ్యాహ్నం కోదాడలో మా చెల్లెలింట్లో భోజనానికి కూర్చున్నాం. మేనకోడలు స్రవంతి సెలవు మీద వచ్చింది. ఎక్కడో పాత గని అడుగున, కంటికి కనబడని డార్క్ మ్యాటర్ కణాల కోసం కాపు కాసే యంత్రం దగ్గర దాని ఉద్యోగం. ఆ కణం ఇంతవరకు ఎవరికీ చిక్కలేదు. యంత్రానికి ట్రిగ్గర్ బోర్డు చేసింది మా పిల్లే. వచ్చే సిగ్నళ్లలో ఏది దాచాలో, ఏది పారేయాలో ఆ బోర్డు రెప్పపాటులో తేల్చేస్తుంది. ఉత్తుత్తి సిగ్నళ్లు ఎక్కువవుతున్నాయని పోయిన వారం తనే దాని వడపోతను కాస్త బిగించి వచ్చింది. అప్పటి నుంచి నిమ్మళంగా ఉందని అందరూ మెచ్చుకున్నారట.

స్రవంతి పప్పు కలుపుతుండగా ఫోన్ వచ్చింది. విన్నాక దాని చేయి కంచంలోనే ఆగిపోయింది.

"ఏమైంది బిడ్డా?"

"రోజూ మేమే ఒక దొంగ సిగ్నల్ పంపి పరీక్ష చేస్తం మామా. చప్పుడు లేదు గదా అని వారం సంది ఎవ్వరూ చెయ్యలే. ఇయ్యాల చేస్తే బోర్డు దాన్ని గూడ పారేసిందట."

"పారేసినయి మల్ల ఏరుకోరాదు?"

"యాడ ఏరుతం? అది వద్దన్నది యాడా మిగలదు. ఈ వారంల ఏమొచ్చి పోయిందో ఇగ ఎన్నటికీ తెల్వదు."

"ఏం రాలేదేమోలే."

"వచ్చిందేమో మామా."

స్రవంతి సగం అన్నం వదిలేసి బస్సెక్కింది.

నేను సూర్యాపేటలో మా ఇంటికి వచ్చి, వారం నుంచి నాతో ఒక్క గొడవా పెట్టుకోని మా ఆవిడను "అంతా మంచిదేనా?" అని అడిగాను. ఇంకా జవాబు రాలేదు. మీ ఇళ్లలో ఎట్లుంది?