‘ఇగో’ల మధ్య ఒక ‘ఏమండీ’

మాది మిర్యాలగూడ, మా ఆవిడది సర్కారు జిల్లాల అంచున ఉన్న కోదాడ, కిరాయిల్లు సూర్యాపేటలో. పంతొమ్మిది వందల నలభైల చివర కాపురం పెట్టినప్పుడు మా ఇద్దరికీ కలిసి ఉన్న సొంతం ఒక్కటే: ఇద్దరికీ సొంతం కాని ఊరు. నేను బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. ఇంట్లో నా తెలుగుకే తర్జుమా కావలసి వచ్చేది.

“శనివారం నిన్ను సినిమాకు తోల్కపోతా” అన్నానొక రోజు.

ఆవిడ ముఖం ముడుచుకుంది. “తోలుకుపోవటానికి నేనేమన్నా గేదెనా? మావైపు గొడ్లను తోలుతారు, మనుషుల్ని తీసుకెళ్తారు.”

వాకిట్లో ఉన్న ఇంటి యజమానురాలు పడీపడీ నవ్వింది. “గేదె అంటదేందమ్మా! బర్రె అననీకి నోరు తిరగదా?”

నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే ఆవిడ పెట్టె సర్దుకుంది. “ఆదివారం అన్నయ్య వస్తాడు, వెళ్లిపోతాను. నేను నోరు తెరిస్తే ఇక్కడ అందరికీ నవ్వులాటే. మీక్కూడా.”

అయినా ఇంటామె బతిమాలితే సినిమాకు వచ్చింది. డేరా టాకీసు. మధ్యలో గుడ్డ కట్టి ఆడవాళ్లను అటు, మగవాళ్లను ఇటు కూర్చోబెట్టేవారు. ఆ బొమ్మ పెద్ద కంపెనీది కాదు. ఎవరో నలుగురు స్నేహితులు సొంతంగా తీసుకున్న చిన్న ప్రేమకథ. నాయకుడు ఏ ఊరికి పోతే ఆ ఊరి యాస పట్టుకుంటాడు, ఎక్కడా అతకడు. చివరికి ఒక పిల్ల అతని సొంత మాటకే మనసిస్తుంది. రీలు మార్చడానికి ఆట ఆపినప్పుడల్లా నేను గుడ్డ వైపు చూశాను. గుడ్డ మరీ గుడ్డిది కాదు, నీడలు కదిలేవి. అందులో ఏ నీడ మా ఆవిడదో తెలియలేదు.

ఆట విడిచాక ఒకటే తొక్కిసలాట. “ఇగో! యాడున్నవ్?” అని మొగుడి పేరు పలకని ఆడవాళ్ల కేకలు. ఒక్కో ‘ఇగో’కు పదిమంది మొగుళ్లు వెనక్కి తిరుగుతున్నారు. అంతలో సన్నగా, బెదురుగా, “ఏమండీ!”

తిరిగింది నేనొక్కణ్ణే.

పక్కనున్న పెద్దాయన నా వీపు తట్టాడు. “పోవయ్యా పో. మా ఆడోళ్లు ఎవలను పిలుస్తున్నరో తెల్వక మేం సస్తున్నం. నీకు ఆ పరేషానే లేదు.”

అప్పటికి నా పక్కకు చేరిన ఆవిడ ఫక్కున నవ్వింది. దారిలో మాత్రం నిదానంగా అంది: “మొన్న మీరూ నవ్వారు.”

“నవ్విన. తప్పయింది.”

ఇంకేదైనా మంచి మాట కలుపుదామనుకున్నాను. తెలుగు పంతులుకు తెలుగు దొరకలేదు.

మర్నాడు వాళ్లన్నయ్య వచ్చి, భోజనం చేసి, “బయల్దేరదామా చెల్లాయ్?” అన్నాడు.

“నేను రావట్లేదు అన్నయ్యా. ఈసారి వచ్చేటప్పుడు నా కుట్టుమిషను తీసుకురా.”

“ఈ ఒక్క గదిలో ఎక్కడ పెడతావ్?”

కిటికీ కింద, వెలుతురు పడే జాగాలో, నా పుస్తకాల పెట్టె ఉండేది. ఆవిడ జవాబు చెప్పేలోపే దాన్ని మంచం కిందికి నెట్టేశాను.