వంకరగా ఎక్కిన అద్దం

సౌదీలో, రాబిగ్‌లో మేం కొన్న కారు మా దగ్గరికి రాకముందు ఎన్ని చేతులు మారిందో తెలీదు. మా ఆయన రిఫైనరీలో ఒక కాంట్రాక్టరు కింద పనిచేసేవారు. నేను ఆసుపత్రిలో ఎముకల వార్డు నర్సుని. ఆ రోజుల్లో అక్కడ ఆడవాళ్ళు కారు నడపడానికి లేదు. అందుకని ఆ కారులో నాదంటూ ఉన్నది ఆయన పక్క సీటూ, దాని కిటికీ మాత్రమే.

ఒక శుక్రవారం జెద్దా వెళ్ళి, బలద్ బజార్లో సామాన్లు కొనుక్కుని వస్తూ, గాలి కోసం నా కిటికీ దించాను. మళ్ళీ ఎక్కించబోతే అద్దం ముందు అంచు లేచింది, వెనక అంచు లేవలేదు. ఏటవాలుగా వెళ్ళి ఫ్రేముకు తట్టుకుని ఆగిపోయింది. ఇక ఇల్లు చేరేదాకా సముద్రం మీది ఉక్కా, రోడ్డు మీది ఇసుకా అన్నీ నా ఒళ్ళోకే. గుమ్మం దగ్గర ఒంటి మీది నల్ల అబాయా దులిపితే ఇసుక చిన్న కుప్ప పడింది.

మర్నాడు వర్క్‌షాపుకు వెళ్ళాం. పాకిస్తానీ మెకానిక్ స్విచ్ రెండుసార్లు నొక్కి చూసి, "మోటర్ ఖరాబ్ హై భాయ్, పూరా బదల్నా పడేగా" అన్నాడు మా ఆయనతో. మోటారు పోయిందట, మొత్తం మార్చాలట. అంత పాత మోడల్‌కు సామాను దొరకదు కాబట్టి, పాత కార్లు విప్పి అమ్మే తష్లీహ్‌లో వెతుక్కోమన్నాడు. అతని వెనక ఇంకో నాలుగు బళ్ళు ఎదురుచూస్తున్నాయి.

"మోటారు పోతే చప్పుడెలా వస్తదండీ?" అన్నాను కారు కదలగానే.

"అతనికి తెలీదంటావా?"

"అతను తలుపు విప్పి చూడలేదు కదా. నొక్కితే లోపల తిరుగుతోంది, ముందు వైపు లేస్తోంది. వెనకాలే ఎక్కడో పట్టేస్తోంది."

ఆయన నవ్వేశారు. కిటికీకి అట్టముక్క పెట్టి టేపు అంటించారు. చెమటకీ ఎండకీ ఆ టేపు ఊడి, స్పీడు పెరిగినప్పుడల్లా అట్ట నా చెంప మీద టపటపా కొట్టేది. నాలుగైదు ప్రయాణాలకే విసుగొచ్చేసింది. ఇద్దరికీ సెలవు కలిసిన రోజు పొద్దున్నే, "ఇవాళ విప్పేద్దామండీ" అన్నాను.

తలుపు లోపలి ప్యానెల్ ఊడదీశాం. లోపల మోటారు, అద్దాన్ని మోసే ఇనప చేతులు, అవి జారడానికి ఒక పట్టీ. ఆయన స్విచ్ నొక్కుతుంటే నేను నేల మీద కూర్చుని చూశాను. మోటారు శుభ్రంగా తిరుగుతోంది. వెనక రబ్బరు గాడి నిండా ఇసుక. పాత టూత్‌బ్రష్‌తో గాడంతా తోమాను. అద్దం కాస్త తేలికపడింది గానీ వంకర పోలేదు.

అప్పుడు కనిపించింది, పట్టీని తలుపుకు పట్టి ఉంచే బోల్టు ఒకటి వదులైపోయి ఉంది. దాని రంధ్రం కోలగా ఉంది. పట్టీ అందులో కిందికి జారి, రాసుకున్న చోట ఇనుము మెరుస్తోంది.

"దొరికింది!" అని అరిచాను.

ఆయన అద్దం దించి, పట్టీని పైకి నెట్టి బోల్టు బిగించారు. నొక్కాం. ఈసారి వెనక అంచు ముందు లేచి, ముందు అంచు ఆగిపోయింది. ఇంకొంచెం సర్ది బిగించారు. మళ్ళీ వంకరే. ఎండ ముదిరింది. ఆయన స్పానర్ కింద పడేసి, "వదిలెయ్యవే. తష్లీహ్‌లో తలుపే దొరుకుద్దేమో చూద్దాం" అన్నారు.

నేను కదల్లేదు. ఉజ్జాయింపుగా బిగిస్తున్నాం, అదీ తేడా అనిపించింది.

"ఏవండీ, మా వార్డులో ముందు కట్టు కట్టేసి తర్వాత ఎముక సర్దరు. ఎముక దాని చోట కూర్చున్నాకే కడతారు. బోల్టులు వదులు చెయ్యండి. అద్దాన్ని పైదాకా ఎక్కించి, ఫ్రేములో సమంగా కూర్చోబెట్టాక బిగిద్దాం."

ఆయన మళ్ళీ స్పానర్ తీసుకున్నారు. నేను గ్లౌజులు వేసుకుని, అద్దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టి పైకి తోశాను. ముందు అంచు గాడిలోకి వెళ్ళింది. వెనక అంచు కాస్త మొరాయించి, అదీ లోపలికి జారింది. "ఇప్పుడు!" అన్నాను. అద్దాన్ని అలాగే పట్టి ఉంచాను. ఆయన బోల్టులు గట్టిగా బిగించారు.

"నువ్వే నొక్కు" అన్నారు. నా సీట్లో కూర్చుని తలుపేసుకున్నాను.

దించాను. ఎక్కించాను. అద్దం నీళ్ళలోంచి లేచినట్టు సమంగా లేచి, పైన రబ్బరులో మెత్తగా ఒదిగింది. బయట వీధి చప్పుడు టక్కున ఆగిపోయింది. మళ్ళీ దించాను, మళ్ళీ ఎక్కించాను. ఆయన ఈలవేసి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చి, "డాక్టరుగారూ, పేషెంటు డిశ్చార్జా?" అన్నారు. గ్రీజు చేత్తోనే నా తల నిమరబోతే తప్పించుకున్నాను. ఆసుపత్రిలో ఎంతోమందిని నడిపించి పంపాను గానీ, అంతగా ఎప్పుడూ గర్వపడలేదు.

వారం తిరక్కుండానే, పై వాటాలో ఉండే నిజామాబాద్ అబ్బాయి మెట్లు దిగివచ్చి మా ఆయన్ని పట్టుకున్నాడు.

"అన్నా, నా బండి అద్దం గూడ గట్లనే వంకరగైంది. జర జూస్తవా?"

"నన్నడిగితే ఏం లాభం?" అన్నారాయన, కుర్చీలోంచి లేవకుండానే. "మీ వదినని అడుగు."

అప్పటికే నేను గ్లౌజుల కోసం లోపలికి వెళ్ళాను.