నల్ల జంటకు పుట్టిన ఎర్ర కూన

పిల్లీ, నా బిడ్డా, నువ్వు పోయి ఇరవై దినాలాయె. జరమొచ్చింది, నాలుగు దినాలకే నా బిడ్డ పోయింది. నేను అయిదో తరగతి చదివిన. ఇది చదివేటోళ్లు, తప్పులుంటే మీరే సరిజేసుకొని చదువుకోండ్రి.

నాయి నల్లకండ్లు, నా పెనిమిటియి నల్లకండ్లు. బిడ్డకు మాత్రం తేనెరంగు పిల్లికండ్లు. అందుకే పిల్లీ అని పిలిచేదాన్ని. మా ఆడిబిడ్డ పండుగకు వచ్చినప్పుడల్లా, "గీ కండ్లు ఏడికెళ్లి తెచ్చినవ్ వదినే, మా అన్న పోలిక లేదు గదా" అని నవ్వేది. నేను భయపడి బిడ్డ కండ్లకు మందంగ కాటుక దిద్దేదాన్ని. చుట్టాలొస్తే తల వంచుకొమ్మనేదాన్ని. అది నా తప్పు.

పెద్దగయినంక పశువుల దవఖానల పనికి కుదిరింది. ఉస్మాన్‌గంజ్‌ల ఒక భాయ్ గోదాంల నల్ల కుక్కల జంట ఉండె. భాయ్ వాటిని గేటు దాటనియ్యకపోయేటోడు, బయటి కుక్కను లోపలికి రానియ్యకపోయేటోడు. వాటికి నాలుగు నల్ల కూనలు, ఒక ఎర్రది పుట్టినయి. "ఏ లాల్‌వాలా కాఁ సే ఆయా బేటీ" అని, ఈ ఎర్రది ఏడికెళ్లి వచ్చిందని భాయ్ పరేశాన్. బిడ్డ ఆ ఎర్రదాన్ని మొఘల్‌పురాకు మా ఇంటికి తెచ్చి నన్ను కూసోవెట్టి చెప్పింది.

"తల్లి ఒక రంగు ఇస్తది, తండ్రి ఒకటి ఇస్తడు. రెండిట్ల నలుపు ఒక్కటున్నా పైకి నలుపే కనవడ్తది, ఎరుపు కింద దాక్కుంటది. ఇద్దరి దగ్గర దాక్కున్న ఎరుపు ఒక్క కూనకే వస్తే గిట్ల ఎర్రగ పుడ్తది. మనుషుల కండ్ల లెక్క ఇంకా చిక్కుది గాని, దాక్కున్నది బయటవడుడు అందరికీ ఉన్నదే. దాక్కున్నదంత దొంగది గాదమ్మా. ఇగ నాకు కాటుక పెట్టకు."

మళ్ల పెట్టలె.

బిడ్డ పోయిన మూడోదినం దానికి ఇష్టమైనయన్ని వండి, మేడ మీద విస్తరి వెట్టి కాకి కోసం చూసినం. పిట్ట ముడితే పోయినోళ్ల మనసు నిండినట్టంటరు. ఎంతకూ రాలె. బిడ్డ తెచ్చి పెంచిన ఎర్రకుక్క మెట్లెక్కి వచ్చి విస్తరిల మూతి వెట్టింది.

ఆడిబిడ్డ రాయి తీసింది. "మనింటి పిల్లయితే పిట్ట ముట్టకపోవునా?"

చెయ్యి పట్టుకున్న. "రాయి కింద వెట్టు. దీని తల్లి నలుపే, తండ్రి నలుపే. ఇన్నేండ్లు నువ్వడిగినవ్, నేను తల వంచిన. ఇగ వంచ. నా బిడ్డ మీ అన్న బిడ్డే. నువ్వు నమ్ముతవా లేదా, నాకు ఫికర్ లేదు."

నా పెనిమిటి కిందికి వోయి ఇంకింత బువ్వ తెచ్చి, చెల్లె చూస్తుండంగనే కుక్క ముంగట వెట్టిండు. అది మెల్లగ తిన్నది. విస్తరి సాఫ్‌గ నాకి, బిడ్డ చెప్పుల పక్కన పండింది.

మీరు గూడ యాళ్లకు కడుపునిండ తినుండ్రి.