తరుగుదల పేరున నలభై వేలు

ఇంటర్‌తో చదువు ఆపేసి, లక్ష్మీ నగర్‌లో కంప్యూటర్ మీద అకౌంట్స్ నేర్చుకుని, ఫరీదాబాద్‌లో ఒక నట్లూ బోల్టుల ఫ్యాక్టరీలో క్యాషియర్‌గా చేరిన కొత్తలో జరిగిందిది. మా అకౌంటెంట్ మూర్తి అంకుల్ సెలవులో ఉండడంతో, వచ్చే నెల నగదు బడ్జెట్ నన్నే తయారు చేయమన్నారు. నేనెంతో హుషారుగా పాత లాభనష్టాల పట్టీలోని ఖర్చులన్నీ దించేశాను.

మర్నాడు ఓనరు మేడమ్ నన్ను లోపలికి పిలిచారు.

"ఈ తరుగుదల నలభై వేలు ఎవరికిస్తావు?"

"తెలీదు మేడమ్. పాత పట్టీలో ఉంది, అందుకే రాశాను."

"క్యాష్ తీసేది నువ్వు, పంచేది నువ్వు. ఎవరికో తెలీదా? సచ్ బోలో, నిజం చెప్పు, ఎవరి జేబులోకి?"

నన్ను దొంగ అంటున్నారు! ఆవిడ గేటు దగ్గర గార్డుని పిలిచి నా బ్యాగు బోర్లించమన్నారు. టిఫిన్ డబ్బా, దువ్వెన, చున్నీ పిన్నులు అన్నీ బల్ల మీద పడ్డాయి.

అప్పుడు ఆవిడ మూర్తి అంకుల్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. అవతల ఒకటే నవ్వు.

"మేడమ్‌జీ, మెషిన్లు అరిగినందుకు లెక్కలో రాసుకునే ఖర్చు అది. రూపాయి కూడా బయటికి పోదు. లాభం లెక్కలో ఉండాలి గానీ నగదు బడ్జెట్‌లో ఉండకూడదు. ఆ పిల్లకి తెలీక రాసేసింది, కొట్టేయండి!"

"అచ్ఛా, ఠీక్ హై" అంటూ ఆవిడ ఆ లైను కొట్టేసి కాగితం నా చేతికిచ్చారు. అంతే, ఇంకో మాట లేదు.

గార్డు చూస్తుండగా నా పిన్నులు ఏరుకుంటుంటే కళ్ళు మసకబారిపోయాయి. ఎవరి చేతికీ పోని ఆ నలభై వేలకి, ఆ రోజు నా పరువొక్కటే ఖర్చయింది.