ఈ నెల మా దేశం ఎలా ఉంది?

డ్రెస్డెన్‌లో మాస్టర్స్ అయ్యాక, సెన్సర్లు తయారుచేసే ఒక కంపెనీ ప్లానింగ్ విభాగంలో నాకు ఉద్యోగం దొరికింది. కంపెనీకి స్లొవేనియాలో ఒక చిన్న ఫ్యాక్టరీ ఉండేది. అందుకని ఆ దేశపు పారిశ్రామిక ఉత్పత్తి లెక్కలు నెలనెలా తెచ్చి గ్రాఫు గీయడం నా పని. సెలవుల ప్రభావం తీసేయాలి, కిందటేడు ఇదే నెలతో పోల్చాలి, గ్రాఫు కింద ఒక్క వాక్యంలో సారాంశం రాయాలి. ఆ వరుస తప్పితే నాకు తోచదు.

నా ఎదురు సీటు ఆవిడది స్లొవేనియాయే. నాకంటే బాగా పెద్దది, పని నేర్పింది ఆమే. ఆమె తమ్ముడు ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసేవాడు. నేను గ్రాఫు తెరవగానే కాఫీ కప్పుతో వచ్చి నిలబడేది.

"డాక్టరుగారూ, ఈ నెల మా దేశం ఎలా ఉంది?"

గీత కిందికి దిగితే, "కొంచెం జ్వరంగా ఉందండీ," అనేవాణ్ణి. నవ్వేది.

నా కాంట్రాక్టు తాత్కాలికం. స్లొవేనియా ఫ్యాక్టరీలోని ఉత్పత్తి లైను మొత్తం డ్రెస్డెన్‌కు వస్తే నన్ను పర్మనెంట్ చేస్తామని బాస్ అన్నాడు. ఆ తర్వాత గీత దిగిన నెలల్లో నాకు లోలోపల హాయిగా ఉండేది. జ్వరం జోకు మాత్రం మానలేదు.

ఒకరోజు బాస్ పిలిచి పర్మనెంట్ కాగితం చేతిలో పెట్టాడు. లైను సంగతి నేను అడగలేదు. అడిగితే తెలుస్తుంది కదా.

ఇంటికొచ్చి చెబితే, నా రూమ్మేట్, కరీంనగర్ వాడు, ఎగిరి గంతేశాడు.

"అరేయ్, రేపు ఆఫీసుకు ఉత్త చేతులతోని పోతవా? అందరి నోరు తీపి చెయ్యాలె!"

"ఇక్కడ అలాంటివి ఉండవురా."

"లేకుంటే నువ్వే షురూ చెయ్యి. పిసినారోడా!"

ఇండియన్ షాపులో కాజూ కట్లీ కొన్నాం. పొద్దున డబ్బా తెరిచి మొదట ఎవరికిచ్చాను? పని నేర్పిన మనిషికే ఇవ్వాలి కదా అని, ఆమెకే.

"పుట్టినరోజా?"

"కాదండీ, పర్మనెంట్ అయ్యాను."

ఆమె నా భుజం తట్టి, ముక్క కొరికింది. అప్పుడే బాస్ వచ్చి తనూ ఒకటి తీసుకున్నాడు.

"లైను వస్తోంది, కుర్రాడు ఉండిపోతున్నాడు. శుభం!"

"మరి అక్కడ?" అంది ఆమె.

"వాళ్లకు వచ్చేవారం చెబుతాం."

ఆమె నోట్లో స్వీటు ఇంకా ఉంది. ఉమ్మలేదు. నెమ్మదిగా నమిలి మింగి, "బాగుంది," అని నాకు చెప్పి కూర్చుంది. నేను డబ్బా పట్టుకుని అక్కడే నిలబడ్డాను. మిగతావాళ్లు వచ్చి తీసుకుంటూనే ఉన్నారు.

"ఏమన్నర్రా మీ ఆఫీసోళ్లు?" అన్నాడు రూమ్మేట్ ఆ సాయంత్రం.

"బాగుందన్నారు."

"చూసినవా, నేను చెప్పలే!"

ఆ తర్వాత గ్రాఫు తెరిచినప్పుడు ఆమె లేచి రాలేదు. ఫ్యాక్టరీ మూతపడిన నెల లెక్కలు వచ్చిన రోజు మాత్రం వచ్చింది. చేతిలో కప్పు లేదు.

"ఎలా ఉంది?"

గీత పైకి వెళ్లింది. వేరే ఊళ్లలో, వేరే సరుకు ఎక్కువగా తయారై ఉంటుంది. ఒక చిన్న ఫ్యాక్టరీ పోతే దేశం గీతలో కనబడదు.

"పెరిగిందండీ," అన్నాను.

ఆమె తెర దగ్గరికి వంగి చాలాసేపు చూసింది.

"సరే. మా తమ్ముడికి చెబుతాను."

ఆమె వెళ్లి కూర్చునేదాకా ఆగాను. తర్వాత గ్రాఫు కింద, ఎప్పటిలాగే ఒక్క వాక్యంలో, ఉత్పత్తి మెరుగుపడిందని రాశాను.