‘పో’ అనలేక పోగొట్టిన కప్పు

గంటకు రెండు వందల మైళ్ల వేగంతో దూసుకెళ్తున్న కారుని ఆపడానికి బ్రేకులు అక్కర్లేదు. కాస్త మర్యాద చాలు. నమ్మరు కదూ? ఒక ఆదివారం మధ్యాహ్నం టెన్నెసీలో, స్టేడియం నిండా జనం చూస్తుండగా స్వయంగా ఆపేదాకా నేనూ నమ్మలేదు. ఆపినవాణ్ణి కారుతో ఊరుకున్నానా? ఒక కుర్రాడి ఛాంపియన్‌షిప్‌నీ, ఒక టీమ్ ఏడాది చాకిరీనీ, మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్లు నోటిదాకా తెచ్చుకున్న లడ్డూలనీ కలిపి ఆపేశాను.

అప్పట్లో నా తలమీద జుట్టుండేది, తలలోపల ఏమీ ఉండేది కాదు. కారు ఇంజిన్లు ఎంత ఫ్యూయల్ తాగుతాయో లెక్కగట్టడం నా ఉద్యోగం. వారాంతాల్లో అదే లెక్క డేవ్ అనే పెద్దమనిషి రేసింగ్ టీమ్‌కి చేసిపెట్టేవాణ్ణి. చక్రాలు నాలుగూ బయటికి పొడుచుకొచ్చి, డ్రైవర్ తల కూడా బయటికే కనిపించే కార్లు చూశారా, అవే. కప్పులేని ఆ కార్లకి ఏడాది చివర ఒక కప్పు ఇస్తారు. దానికోసం ఊరూరా తిరిగి రేసులాడి పాయింట్లు పోగెయ్యాలి. డేవ్‌కి ఉన్నది ఒకే ఒక్క కారు. అతని పుట్టుకకి ముందునుంచీ ఆ టీమ్‌కి కప్పు వచ్చిన పాపాన పోలేదు. డేవ్ ఆరడుగుల మనిషి. కోపమొస్తే ఏడు.

ఆ కారు నడిపేది రిషి. మా వీధిలో పుట్టి పెరిగినవాడే. తెలుగు అర్థమవుతుంది గానీ వాడి నోట్లో మన క్రియాపదాలన్నీ తోకలు తెగి పడుంటాయి. అన్నం అడగడానికీ, అమ్మమ్మతో చీవాట్లు తినడానికీ మాత్రం ఆ తెలుగు బ్రహ్మాండంగా సరిపోతుంది.

సీజన్ మధ్యలో మాకో పెద్ద చిక్కొచ్చిపడింది. కారు పిట్‌లోకొచ్చి ఫ్యూయల్ పోయించుకుని టైర్లు మార్చుకోవాలి కదా, ఎప్పుడు రావాలో మేం రేడియోలో చెప్తాం. ఆ రేడియో ఎవరైనా వినచ్చు. మేం రిషిని రమ్మనగానే పసుపుపచ్చ కారువాళ్లు వినేసి దానికి తగ్గ ఎత్తు వేసేవాళ్లు. పాయింట్లలో మా వెనకాలే నీడలా తగులుకున్నది ఆ పసుపు కారే.

"మన మాట ఎవడికీ అర్థంకాకుండా ఉండాలి," అన్నాడు డేవ్ తలపట్టుకుని.

నా బుర్రలో దీపం వెలిగింది. అది దీపం కాదనీ ఇల్లంటుకున్న వెలుగనీ అప్పుడు తెలీదు.

"తెలుగులో మాట్లాడితే?" అన్నాను. "రెండే మాటలు. ‘రా’ అంటే పిట్‌లోకి రావాలి. ‘పో’ అంటే ఆగకుండా సాగిపోవాలి."

డేవ్ నన్ను కావలించుకున్నాడు. నా పక్కటెముకలు ఇప్పటికీ ఆ సంతోషాన్ని గుర్తుచేస్తుంటాయి.

రిహార్సల్ రిషి వాళ్లింట్లో, డైనింగ్ టేబుల్ దగ్గర పెట్టుకున్నాం. నేను "రా" అన్నాను. వాడు కుర్చీతో సహా ముందుకు జరిగాడు. నేను "పో" అన్నాను. అంతే, వంటింట్లోంచి అట్లకాడతో సుభద్రమ్మగారు ఊడిపడ్డారు. రిషి అమ్మమ్మ.

"ఏమయ్యా మూర్తీ! ఎవర్ని పొమ్మంటున్నావ్? ఇంటి పిల్లాణ్ణి?"

"అబ్బే, అది కోడ్ అండీ..."

"కోడో కాకరకాయో! అంత స్పీడుగా పోయే కార్లో కూర్చున్నవాణ్ణి పట్టుకుని పో అంటారటయ్యా? మీ అమ్మ నీకు ఇదేనా నేర్పింది?"

నిజానికి మా అమ్మ నాకు నేర్పింది సరిగ్గా ఆవిడ చెప్పిందే. గడప దాటుతూ "పోతా" అంటే వీపు చిట్లేది. "వెళ్ళొస్తా అనాలి వెధవా" అని మళ్లీ లోపలికి పిలిచి, మంచినీళ్లిచ్చి, కొత్తగా పంపేది. మీ ఇళ్లలోనూ అంతేగా?

"సరేనండీ, ఆ మాట అనను," అన్నాను.

"ఒట్టు?"

"ఒట్టు."

దాంతో ఏం ఇబ్బంది రాదనుకున్నాను. రావాలంటే "రా" అంటాను. అక్కర్లేకపోతే మౌనంగా ఉంటాను. మిగతా రేసులన్నీ అలాగే నడిచాయి. పసుపు కారువాళ్లు "రా" అన్నది దగ్గనుకున్నారో ఏమో, ఒక్కసారీ పసిగట్టలేదు. ఆఖరి రేసుకొచ్చేసరికి మేమే ముందున్నాం. పసుపు కారు కంటే ముందు గీత దాటితే చాలు, కప్పు మాదే.

ఆ రోజు నా పరిస్థితి ఏం చెప్పమంటారు? చెమటకి హెడ్‌సెట్ చెవులమీంచి జారి గడ్డానికి వేలాడుతోంది. ఫ్యూయల్ లెక్క చేసిందే చేస్తున్నాను. సరిపోతుంది. బొటాబొటీగా, అంటే వాడు తుమ్మకుండా నడిపితే, సరిపోతుంది. ఇక పిట్‌లోకి రానక్కర్లేదు. టైర్లు మార్చే కుర్రాళ్లు గోడమీద కూర్చుని కాళ్లూపుతున్నారు. ఒకడు హెల్మెట్ తీసి శాండ్‌విచ్ కొరుకుతున్నాడు.

రిషి ముందు, పసుపు కారు వెనక. ల్యాపులు కరిగిపోతున్నాయి. ఉన్నట్టుండి పసుపు కారు పిట్ దారివైపు వంగింది. వస్తోందా? వస్తున్నట్టు నటిస్తోందా?

రేడియోలో రిషి గొంతు గాభరాగా వినిపించింది. "అంకుల్! వాళ్లు వస్తున్నారు! నేను రావాలా, వద్దా? క్విక్!"

డేవ్ నా భుజం కుదిపేశాడు. "వద్దని చెప్పు! మూర్తీ, చెప్పు!"

అనవలసింది ఒక్క అక్షరం. తెలుగులో ‘వద్దు’ అనే మాట కూడా ఉందని ఆ కంగారులో తట్టనేలేదు. నోరు తెరిచాను. పెదవులు రెండూ ‘ప’ దగ్గర కలుసుకుని మరి విడిపోలేదు. కళ్లముందు అట్లకాడ. దాని వెనకాల మా అమ్మ చెయ్యి. అంత స్పీడుగా పోయే కార్లో కూర్చున్నవాణ్ణి...

"అంకుల్!!"

"వెళ్ళి రా నాయనా!" అన్నాను.

ఎంత చక్కటి మాట! ఎంత శుభం! కాకపోతే ఇంజిన్ మోతలో ‘వెళ్ళి’ కొట్టుకుపోయింది. ‘నాయనా’ అనేది వాడికెలాగూ తెలీదు. మధ్యలో మిగిలిన ఒక్క అక్షరం మాత్రం గుడిగంటలా ఖంగుమని వినిపించింది.

వాడు వచ్చేశాడు.

పసుపు కారు పిట్ దారి అంచుదాకా వచ్చి, చటుక్కున పక్కకి తిరిగి ట్రాక్‌మీద సాగిపోయింది. మా కారు మాత్రం బుద్ధిమంతుడిలా వచ్చి మా ముందు ఆగింది. శాండ్‌విచ్ కుర్రాడి నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. గోడమీంచి ఒకడు వెనక్కి పడ్డాడు.

"వీడెందుకొచ్చాడు?" డేవ్ ఏడడుగులయ్యాడు.

"నేను రమ్మనలేదు!"

"యూ సెడ్ రా!" రేడియోలో రిషి.

"వెళ్ళి రా అన్నాను!"

"సో, వెళ్ళాను అండ్ వచ్చాను!"

"వెళ్ళి రా అంటే వెళ్ళమని అర్థం రా!"

"మళ్లీ రా అంటున్నారు! నేను ఆల్రెడీ ఇక్కడే ఉన్నాను కదా!"

పాఠకులారా, ప్రపంచంలో ఎన్ని వ్యాకరణ చర్చలు జరిగాయో నాకు తెలీదు. ఒక్కొక్క సెకనుకి ఇంత ఖరీదైన చర్చ ఇంకోటి జరగలేదని మాత్రం చెప్పగలను. పసుపు కారు కనుచూపు మేర దాటేసింది. నాలో ఏదో తెగింది. ఒట్టు లేదు, మా అమ్మ లేదు, అట్లకాడ లేదు.

"పో!" అని అరిచాను. "పో! పో! పోరా బాబూ, పో! ఇంకా చూస్తావేం, పో! నీకు దణ్ణం పెడతాను, పో!"

పుట్టినప్పట్నించీ గడపల దగ్గర మింగేసిన ‘పో’లన్నీ ఆ ఒక్కరోజు బయటికొచ్చాయి.

వాడు పోయాడు. ఎలా నడిపాడంటే, ఆ పసుపు కారుని తరిమి తరిమి, ఆఖరి మలుపులో దాని పక్కకొచ్చి, గీత దగ్గర ముక్కు తేడాలో... వెనకపడ్డాడు. కప్పు పోయింది. ఎంత వద్దనుకున్నా ఇక్కడ వేరే క్రియాపదం దొరకడం లేదు.

డేవ్ అరిస్తే బాగుండేది. పాత టైరుమీద కూలబడి తన టోపీలోకి చూస్తూ ఉండిపోయాడు. రిషి కారు దిగి, హెల్మెట్ తీసి, అందరూ వింటుండగా "తప్పు నాదే, సరిగ్గా వినలేదు," అన్నాడు ఇంగ్లీషులో. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. సుభద్రమ్మగారు. రేసు రేడియో యాప్‌లో వస్తుందనీ, ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్లంతా ఆవిడ హాల్లోనే కూర్చుని విన్నారనీ అప్పుడు తెలిసింది.

"ఏమయ్యా మూర్తీ!"

"క్షమించండమ్మా. నావల్లే కప్పు పోయింది."

"కప్పు సంగతి ఎవరడిగారయ్యా? మా అల్మరా నిండా కప్పులే. వెళ్ళి రా అన్నావు, పిల్లాడు వెళ్ళాడు, వచ్చాడు. చెప్పిన మాట విన్నాడు. అక్కడిదాకా ఇద్దరూ బంగారంలాంటివాళ్లే. ఆ తర్వాత పో, పో, పో అని ఒకటే గోలపెట్టావే, అదేమిటి? ఒట్టేశావా లేదా?"

శిక్ష పడింది. ఊరికి తిరిగొచ్చాక వాళ్ల గుమ్మంలో నిలబడి, అన్న ప్రతి ‘పో’కీ ఒక ‘రా’ చొప్పున రిషిని లోపలికి పిలవాలి. వాడు బయటికెళ్లడం, నేను "రా" అనడం, వాడు లోపలికి రావడం. పక్కింటి అమెరికన్ దంపతులు కుక్కని తిప్పడం మానేసి చూస్తున్నారు. సుభద్రమ్మగారు వేళ్లమీద లెక్కపెడుతున్నారు.

"అంకుల్, వచ్చే సీజన్‌కి కూడా రేడియోలో మీరే ఉండాలని డేవ్‌కి చెప్పాను," అన్నాడు రిషి ఆయాసపడుతూ. "బట్ ఇన్ ఇంగ్లిష్. ప్లీజ్."

నా మనసు వెన్నలా కరిగిపోయింది. చెప్పులేసుకుని, "మంచిదిరా. మరి వస్తాను," అన్నాను.

వాడు నా మొహంలోకి అనుమానంగా చూశాడు. "వెయిట్. వస్తున్నారా, వెళ్తున్నారా?"

అందుచేత పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా ఆ అట్లకాడ సాక్షిగా, ఇదే నా శపథం. చక్రాలమీద ఉన్న ఏ మనిషికీ నా కంఠంలో ప్రాణముండగా మళ్లీ శుభం పలకను. రేసుకారైనా సరే, పసిపిల్లల మూడు చక్రాల బండైనా సరే, చెయ్యెత్తి దారి చూపిస్తాను తప్ప నోరు విప్పను.

ఇక వస్తాను. అంటే, వెళ్తున్నాను.